జేబులో ఫ్యూజు

ఇంటికి వచ్చే విద్యుత్తును తన చేతులతోనే ఆపి, ఆ ఊడదీసిన ఫ్యూజును చొక్కా జేబులో భద్రంగా వేసుకున్న మనిషి, అదే ఇంట్లో, అదే విద్యుత్తు తగిలి మరణించాడు.

నిన్న బుధవారం పగలు పదకొండు గంటల పదిహేను నిమిషాలకు జరిగిన ఈ సంగతిని మాష్టారు దారిపొడుగునా నెమరువేసుకుంటూ వచ్చారు. ముప్పై ఏళ్లు బడిలో భౌతికశాస్త్రం బోధించి, పిమ్మట నేరపరిశోధనను వృత్తిగా చేపట్టినవారాయన. శవాలను చూశారు, హంతకుల కళ్లలోకి సూటిగా చూశారు. అయినా ఈ గుమ్మం ముందు నిలిచి, గొళ్లెం మీద వేయబోయిన చేతిని చటుక్కున వెనక్కు తీసుకున్నారు. గొళ్లెం ఇనుపది.

"చెక్క మీద చెయ్యి పెట్టి తోసెయ్యండి బాబాయిగారూ," లోపలినుంచి ఆడగొంతు వినవచ్చింది. "గొళ్లెం మేమూ ముట్టుకోవడం లేదు."

లోపల నిలబడి ఉన్నది చనిపోయిన పెద్దాయన కూతురు. ఆయన విద్యుత్ శాఖలో ఫోర్‌మన్‌గా పనిచేసి విరమించినవాడు. వీధివారందరికీ పెద్ద ఫోర్‌మన్. కూతురి భర్త అదే శాఖలో లైన్‌మన్, అత్తవారింటనే ఉంటున్నాడు. మామగారిని చంపాడన్న నేరం మీద నిన్న సాయంత్రంనుంచి అతడు పోలీసుల అదుపులో ఉన్నాడు.

"నాలుగింటికి కోర్టులో పెడతారట," అందామె కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "నిన్న నాన్న పోయారు. ఇవాళ ఆయన్ని కూడా తీసుకుపోతే ఇక నేను ఎవరి మొహం చూసి బతకాలి? చీమ అడ్డొచ్చినా పక్కకి తప్పుకునే మనిషండీ ఆయన."

"ఏడవకమ్మా. ఏడుపుకు తరువాత వేళ ఉంటుంది. ఇప్పుడెంతయింది?"

గోడగడియారం పన్నెండూ నలభై చూపుతోంది.

లక్కయింట్లో చిక్కినవారికి ఏ గోడ ఎప్పుడు భగ్గుమంటుందో తెలియనట్లు, ఆ ఇంటివారు నిన్నటినుంచి ఒళ్లు కుదించుకుని మసలుతున్నారు. కిటికీ ఊచలకు మూరెడు దూరం. కుళాయి తిప్పాలంటే చేతికి పొడిగుడ్డ. పెద్ద ఫోర్‌మన్ తల్లి, ఎనభై ఏడేళ్ల ముసలావిడ, వీధిగదిలోకి జరిపిన చెక్కమంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. నేల మీద పాదం మోపడానికి ఆమె ససేమిరా అంటోందట.

మాష్టారు ముందుగా కటౌట్ దగ్గరకు వెళ్లారు. వీధిగది గోడకు చెక్కపలక, పలక మీద మీటరు, దాని పక్కన తెల్లని పింగాణీ కటౌట్. ఇంటింటా ఉండేదే. గోడకు బిగించిన ముక్క ఒకటి. అందులో దూర్చి, చేత్తో ఊడదీయగలిగిన ముక్క మరొకటి. ఊడివచ్చే ఆ ముక్కలో సన్నని తీగ ఉంటుంది. భారం మించినప్పుడు ఆ తీగ తాను కరిగిపోయి ఇంటిని కాపాడుతుంది. ఇప్పుడు గోడ మీది ముక్క ఒక్కటే నోరు తెరుచుకుని ఉంది. రెండోది శవం జేబులో దొరకగా, ఇన్‌స్పెక్టర్ కాగితపు కవరులో పెట్టి పట్టుకుపోయాడు.

"అప్పటినుంచి ఇంట్లో దీపం లేదు, పంకా లేదు. అంతేనా?"

"అంతేనండీ."

"అయినా గొళ్లెం ముట్టుకోరు మీరు."

"ఫ్యూజు జేబులో ఉండగానే నాన్న పోయారు బాబాయిగారూ. ఇక దేన్ని నమ్మమంటారు?"

మాష్టారు లోపలి గది వైపు నడిచారు.

చావు జరిగింది ముసలావిడ గదిలో. తలుపు పక్కన స్విచ్చిబోర్డు మూత విప్పి ఉంది. విప్పిన నాలుగు మరలూ కిటికీ గట్టు మీద ఒక వరుసలో పేర్చి ఉన్నాయి. పద్ధతి తెలిసిన చెయ్యి. నేల మీద చెక్కపిడి స్క్రూడ్రైవరు. దాని పక్కన రెండు తీగలు వేలాడే హోల్డరులో ఒక బల్బు. కరెంటు ఉన్నదీ లేనిదీ చూసుకోవడానికి పనివాళ్లు వాడే పరీక్షదీపమది. మాష్టారు బల్బును చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపారు. లోపలి తీగ తెగలేదు, చప్పుడు లేదు. అంటే పెద్ద ఫోర్‌మన్ ఫ్యూజు ఊడదీయడంతో తృప్తిపడలేదు. దీపం పెట్టి చూశాడు. వెలగలేదని రూఢి చేసుకున్నాడు. ఆ తరువాతనే చెయ్యి పెట్టాడు.

జాగ్రత్తలన్నీ తీసుకున్నవాడు చనిపోయిన గది అజాగ్రత్తపరుడు చనిపోయిన గదికన్న భయంకరంగా ఉంటుంది. ఇక్కడ తప్పించుకోవడానికి ఏ జాగ్రత్త మిగిలి ఉన్నట్లు? మాష్టారు గోడకు దూరంగా జరిగి, ముసలావిడ దగ్గరకు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు.

"మామ్మగారూ, మీ అబ్బాయి నిన్న ఆ బోర్డు ఎందుకు విప్పాడు?"

"నా పోరు పడలేక," అందావిడ. "దీపం చావడం లేదయ్యా!"

"అంటే?"

"స్విచ్చి ఆర్పేస్తానా, ఆరుతుంది. కాసేపటికి చూస్తే గాజులో తెల్లగా, పోయినవాడి కన్ను సగం తెరుచుకున్నట్టు, మిణుకుమిణుకుమంటూ నన్నే చూస్తుంటుంది. నా మంచానికి ఎదురుగానే. మూడు రాత్రులు రెప్ప వేస్తే ఒట్టు. చెబితే నా కొడుకు నవ్వాడు. 'అమ్మా, నీ శుక్లాలకి పట్టపగలే చుక్కలు కనపడతాయే' అన్నాడు. నిన్న పొద్దున ఏడ్చి గోల చేస్తే, 'సరేలే, బోర్డు విప్పి చూస్తా, నీ దయ్యం సంగతి తేలుస్తా' అన్నాడు." ముసలావిడ తన రెండు చేతుల వంక చూసుకుంది. "నేను పోరకపోతే బతికుండేవాడు."

"మీ వల్ల కాదమ్మా. మీరు చూసింది నిజం. ఎప్పుడు మొదలైంది అది?"

"ఆదివారం రాత్రి."

"అంతకుముందు ఒక్కనాడైనా?"

"ఆ ఎల్‌ఈడీ బల్బు పెట్టి ఆరునెలలు. ఏనాడూ లేదు."

మాష్టారు కూతురి వైపు తిరిగారు. "ఆదివారం ఇంటికి ఎవరు వచ్చారు?"

"ఎవరూ రాలేదండీ. మూడింటికి నేనూ నాన్నా మా పిన్ని ఇంటికెళ్లి, ఐదింటికి వచ్చేశాం. ఆయన ఊళ్లోనే లేరు. గురువారం ట్రైనింగుకని వెళ్లి, నిన్న పొద్దున ఎనిమిదింటి బస్సుకి దిగారు."

"రాకపోవడమేం?" ముసలావిడ అందుకుంది. "డాబా మీద మనిషి నడిచాడు."

"అది పిల్లి అని నాన్న చెప్పారుగా మామ్మా."

"పిల్లి బూట్లేసుకుంటుందే? దడదడా నడిచి ఒకచోట ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్లీ నడిచింది. నేను 'ఎవర్రా అది' అన్నాను. అంతే, ఇహ కదల్లేదు. నేనూ కదల్లేదు. ఎవరు ముందు ఊపిరి పీలుస్తారా అన్నట్టు ఉండిపోయాం, కిందా పైనా."

మాష్టారు లేచి ఒంటరిగా మళ్లీ ఆ గదిలోకి వెళ్లారు. జేబులోంచి కలంలాంటి టెస్టరు తీశారు. ఫ్యూజు ఇన్‌స్పెక్టర్ కవరులో ఉంది. కటౌట్ నోరు ఖాళీగా ఉంది. శాస్త్రప్రకారం ఈ బోర్డులోని తీగలు చచ్చిన పాములు. ఆయన టెస్టరు మొనను ఎర్రతీగకు ఆనించి, రెండో కొస మీద వేలు పెట్టారు.

టెస్టరు కడుపులో నారింజరంగు కణిక వెలిగింది.

ఆయన వేలు వెంటనే వెనక్కు వచ్చింది. పాము బతికే ఉంది. నిన్నటినుంచి ఈ గోడల్లో బుసకొడుతూనే ఉంది. ఆ ఇంటి ఆడవాళ్ల పిచ్చిభయమే వాళ్లను ఇంతవరకు కాపాడింది.

ఎవరితోనూ ఏమీ అనకుండా మాష్టారు డాబా ఎక్కారు. స్తంభంనుంచి వచ్చిన రెండు తీగలు పిట్టగోడ దగ్గర ఇంటి తీగలతో ముడిపడి, గొట్టంలోకి దిగుతున్నాయి. పక్కింటి డాబా మీద అలాంటి ముడులకు చుట్టిన టేపు ఎండకు బూడిదరంగు తిరిగి, పెచ్చులు లేచిపోయింది. ఇక్కడి టేపు కాటుకలా నిగనిగలాడుతోంది.

ఒంటిగంటా పది నిమిషాలకు వీధిలో జీపు ఆగింది.

"ఓహో, మాష్టారు!" ఇన్‌స్పెక్టర్ లోపలికి వస్తూనే నవ్వాడు. "పాఠం మొదలెట్టేశారా, హాజరు వేస్తున్నారా?"

"మీరు ఆలస్యంగా వచ్చారు. బెంచీ ఎక్కాలి."

"నేను బెంచీ ఎక్కను, బోను ఎక్కిస్తాను." అతడు పక్కకు తప్పుకోగా, కానిస్టేబుల్ వెంట సంకెళ్లతో లైన్‌మన్ వచ్చాడు. కాళ్లకు చెప్పులు లేవు. భార్యను చూసి తల దించుకున్నాడు. అతని వెనుక మరొకడు. నలభై అయిదేళ్ల మనిషి, ఇస్త్రీ నలగని చొక్కా, కాళ్లకు మందపు రబ్బరు బూట్లు. పెద్ద ఫోర్‌మన్ దగ్గర పని నేర్చి, ఆయన విరమించాక ఆ స్థానంలోకి వచ్చిన చిన్న ఫోర్‌మన్. సాంకేతిక విషయాలు వివరించడానికి శాఖ అతడిని పోలీసులకు ఇచ్చింది.

"మామ్మా, నేనున్నాను. దిగులు పెట్టుకోకు," అన్నాడతడు ముసలావిడతో.

"నువ్వున్నావు. వాడు లేడు," అంది ఆవిడ.

అందరూ చావుగదిలో చేరారు. ఇన్‌స్పెక్టర్ లాఠీతో గాలిలో గీతలు గీస్తూ చెప్పసాగాడు.

"వినండి మాష్టారూ. నిన్న ఎనిమిదిన్నరకు మామా అల్లుళ్లు గొడవపడ్డారు, పక్కింటావిడ విన్నది. పది గంటలకు వీధిలో మరమ్మతని లైను ఆపారు. ఈ ఎదుటి స్తంభం ఎక్కిందెవరు? మన అల్లుడుగారే. పదీ నలభైకి దిగాడు, లైను ఇచ్చారు. పదకొండూ పదికి పెద్దాయన ఫ్యూజు తీశాడు. పంకా ఆగిందని ముసలావిడ వాంగ్మూలం. పదకొండూ పదిహేనుకు పోయాడు. ఆ అయిదు నిమిషాల్లో అల్లుడు ఫ్యూజుతో పని లేకుండా బయటినుంచి దొంగతీగ తగిలించి, పని కాగానే పీకేశాడు. ఆ తీగ ఇతని సంచిలోనే దొరికింది. మూడు గజాలు!"

"లైన్‌మన్ సంచిలో తీగ కాక పూలదండ దొరుకుతుందా?"

"వెటకారం కోర్టులో చెల్లదు."

"మీ దొంగతీగ తగిలిస్తే పంకా తిరగాలి కదా? ఆగిన పంకా మళ్లీ తిరిగిందని ఆవిడ చెప్పిందా?"

ఇన్‌స్పెక్టర్ లాఠీతో బోర్డు వైపు చూపాడు. లాఠీ కొసకున్న ఇత్తడి పొన్ను బోర్డుకు జానెడు దూరంలో ఆడుతోంది. చిన్న ఫోర్‌మన్ అడుగు వెనక్కు వేశాడు. మాష్టారు ఆ అడుగును చూశారు.

"నాకు నోరు రావడం లేదు సార్," అన్నాడు చిన్న ఫోర్‌మన్. "కానీ సంచిలో తీగ నా కళ్లముందే తీశారు. వీడు నాకు తమ్ముడి కింద లెక్క. ఏం చెయ్యను?"

మాష్టారు లైన్‌మన్ ఎదుట నిలబడ్డారు. "గొడవ ఎందుకు?"

"శనివారం విచారణకి వెళ్లొద్దన్నానండీ. రెండేళ్ల కింద ఒక హెల్పరు స్తంభం మీద పోయాడు. 'లైను తీశాను, ఎక్కు' అని ఈ అన్న కిందనుంచి అరిచాడని మామయ్య సాక్ష్యం చెబుతానన్నాడు. తీరా లైను తియ్యలేదట. అన్నతో విరోధం పెట్టుకుంటే రేపు నేను ఏ స్తంభం ఎక్కాలన్నా భయమేగదండీ. అది చెప్పుకున్నాను. మామయ్య వినలేదు."

"అది విచారణలో తేలుతుందిలే తమ్ముడూ," చిన్న ఫోర్‌మన్ నవ్వాడు. నవ్వు పెదవులు దాటలేదు.

"ఆ మాట ఇంకెవరైనా విన్నారా?"

"పోయిన హెల్పరుకు సొంత అన్న, ఆయన విన్నాడండీ. వెనకవీధిలో ఇస్త్రీ కొట్టు ఆయన."

"మంచిది. ఇప్పుడు చెప్పు, మీ మామయ్య పనిచేసే తీరేమిటి?"

లైన్‌మన్ గొంతు చదువు అప్పగిస్తున్న విద్యార్థి గొంతులా మారింది. "ముందు దీపం వేసి ఉంచుతాడండీ. ఫ్యూజు ఊడదీస్తాడు. దీపం ఆరిందా చూస్తాడు. ఇంకెవడూ తెలియక పెట్టెయ్యకుండా ఫ్యూజు జేబులో వేసుకుంటాడు. పరీక్షదీపం పెట్టి చూస్తాడు. అప్పుడు చెయ్యి పెడతాడు. 'ఫ్యూజు నీ జేబులో ఉంటే యముడు వీధిలో ఉంటాడు' అనేవాడు."

"ఇది ఎవరెవరికి నేర్పాడు?"

"ఎంతోమందికి. ఇప్పుడు ఊళ్లో ఉన్నది మేమిద్దరం. నేనూ, అన్నా."

మాష్టారు చిన్న ఫోర్‌మన్ వైపు తిరిగారు. "నాయనా, ఇప్పుడు ఈ బోర్డులో కరెంటు ఉందా?"

"ఎక్కడినుంచి వస్తుందండీ? ఫ్యూజు సార్ కవరులో ఉంది."

"ఒకసారి పరీక్షదీపం పెట్టి చూపించు."

అతడు దీపం అందుకున్నాడు. ఎడమచేతిని వీపు వెనుక దాచుకుని, కుడిచేతి వేళ్లతో తీగల తొడుగులను మాత్రమే పట్టుకుని, మొనలు ఆనించాడు. బల్బు వెలగలేదు. "చూశారుగా."

"చూశాను." మాష్టారు లైన్‌మన్‌తో నెమ్మదిగా అన్నారు. "నీ మీద హత్యానేరం ఉంది బాబూ. ఒక్క పని చెయ్యి. ఆ ఎర్రతీగ చేత్తో పట్టుకో."

గుమ్మంలో కూతురు నోటికి చెంగు అడ్డుపెట్టుకుంది.

"ఇదేం తమాషా?" ఇన్‌స్పెక్టర్ గద్దించాడు.

"మీకు దొంగతీగ కనబడిందా ఇప్పుడు? లేదు. మరి భయమేమిటి? ఒక చెయ్యి విప్పండి."

ఇన్‌స్పెక్టర్ విసుగ్గా సైగ చేశాడు. కానిస్టేబుల్ కుడిచేతి సంకెల విప్పాడు. లైన్‌మన్ వెలగని బల్బు వంక చూశాడు; ఇన్‌స్పెక్టర్ చొక్కాజేబులోని ఫ్యూజు కవరు వంక చూశాడు; మామగారు నేర్పిన పాఠమంతా మనసులో ఒకసారి తిరగేసి, చాలుననుకున్నాడు. వట్టికాళ్లతో చల్లని రాతినేల మీద నిలబడి, ఏ సందేహమూ లేకుండా చెయ్యి చాచాడు. వేళ్లు ముందుకు సాగుతున్నాయి. మాష్టారి కళ్లు అతని మీద లేవు. చిన్న ఫోర్‌మన్ మొహం మీద ఉన్నాయి. ఆ మొహంలో చెమట పుట్టి కనుబొమ మీదికి జారింది. పెదవులు విడలేదు.

తీగకు అంగుళం దూరాన మాష్టారి గొడుగు చెక్కపిడి లైన్‌మన్ మణికట్టును కొట్టి పక్కకు నెట్టింది.

"చాలు. నువ్వు నిర్దోషివి," అన్నారాయన. "నాయనా చిన్న ఫోర్‌మన్, ఇప్పుడు నీ వంతు. బూట్లు విప్పి పట్టుకో."

"నేనా? అది... నియమం ఒప్పుకోదండీ. గ్లవ్స్ లేకుండా..."

"ఆ నియమం ఇప్పుడే గుర్తొచ్చిందా? తమ్ముడు చెయ్యి చాచినప్పుడు ఎక్కడికి పోయింది?"

"అబ్బ, ఈ తీగకి ఇంత పురాణమా!" ఇన్‌స్పెక్టర్‌కు సహనం నశించింది. "తప్పుకోండి, నేను పట్టుకుంటాను. దీంతోనైనా మీ పాఠం ముగుస్తుంది." అతడు లాఠీ చంకలో పెట్టుకుని, చెయ్యి జాపి, రెండడుగులు వేశాడు.

"వద్దు సార్!"

చిన్న ఫోర్‌మన్ కేక గోడలకు తగిలి తిరిగివచ్చింది. ఇన్‌స్పెక్టర్ చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది. కేక వేసినవాడు తన నోటినే రెండు చేతులతో మూసుకున్నాడు, మాటను మళ్లీ లోపలికి తోసేయగలిగినట్టు.

మాష్టారు టెస్టరు తీసి ఎర్రతీగకు ఆనించారు. నారింజరంగు కణిక అందరి కళ్లముందూ వెలిగింది. ఇన్‌స్పెక్టర్ దానిని చూశాడు, తన అరచేతిని చూసుకున్నాడు, చెయ్యి నెమ్మదిగా జేబులో పెట్టుకున్నాడు.

"ఫ్యూజు నా దగ్గరుంది," అన్నాడు. "ఎలా?"

"ఇంటికి రెండు తీగలు వస్తాయి. ఒకటి కరెంటు తెచ్చేది, రెండోది తిరిగి తీసుకుపోయేది. కటౌట్ ఎప్పుడూ తెచ్చే తీగ మీద ఉండాలి. డాబా మీద ముడి దగ్గర రెండింటినీ తారుమారు చేస్తే, కటౌట్ తీసుకుపోయే తీగ మీద పడుతుంది. అప్పుడు ఫ్యూజు తీస్తే పంకా ఆగుతుంది, దీపం ఆరుతుంది, పరీక్షదీపమూ వెలగదు, కరెంటు పోవడానికి దారి లేదు గనుక. కాని తెచ్చే తీగ ఇల్లంతా పాకే ఉంటుంది. దానిని ముట్టుకున్నవాడి ఒళ్లే దానికి దారి. పెద్ద ఫోర్‌మన్ మీద పగబట్టినవాడు ఆయన అజాగ్రత్త కోసం ఎదురుచూడలేదు. ఆయన జాగ్రత్తనే ఉరితాడుగా పేనాడు. ఆ జాగ్రత్త అక్షరాలా తెలిసినవాడికే అది సాధ్యం."

"తెలిసినవాళ్లు ఇద్దరు," ఇన్‌స్పెక్టర్ పట్టు వదలలేదు. "అల్లుడూ ఎక్కాడు స్తంభం."

"ముసలావిడ బల్బు ఆర్పినా మిణుకుమనడం ఆదివారం మొదలైంది. తీగలు తారుమారైతే అలాగే అవుతుంది. స్విచ్చి ఆర్పినా బల్బు దాకా కరెంటు వచ్చి నిలుస్తుంది. ఆదివారం మూడుకూ అయిదుకూ మధ్య డాబా మీద బూట్లు నడిచాయి. అల్లుడు అప్పుడు ట్రైనింగులో ఉన్నాడు. అక్కడ హాజరుపట్టీ ఉంటుంది. ఇక ఇది చూడండి. అల్లుడు చెయ్యి పెట్టబోతే ఇతడు నోరు మెదపలేదు. ముద్దాయి పోతే కేసు మూతపడుతుంది. మీరు చెయ్యి పెట్టబోతే అరిచాడు. పోలీసు పోతే ఇల్లంతా తవ్వుతారు."

గుమ్మంలోనుంచి కూతురు ఒక్కుదుటున వచ్చి చిన్న ఫోర్‌మన్ చొక్కా పట్టుకుంది. "అన్నయ్యా అని పిలిచానురా నిన్ను! నా చేతి కూడు తిన్నావు కదరా ఈ ఇంట్లో!"

అతడు విడిపించుకోలేదు. అతని చూపు ఆమె భుజం మీదుగా వీధిగదిలోకి పోయి, గోడగడియారం మీద ఆగింది. ఒంటిగంటా యాభై ఎనిమిది.

మాష్టారు ఆ చూపును అనుసరించారు.

"సాక్షులు ఇద్దరు కదూ?" అన్నారు. "రెండోవాడి ఇంటికి ఎప్పుడు వెళ్లావు?"

చిన్న ఫోర్‌మన్ గడియారం మీదనుంచి చూపు తిప్పలేదు.

ఇన్‌స్పెక్టర్ అతని మెడ పట్టి గోడ వైపు, ఆ ఎర్రతీగ వైపు నెట్టాడు. "ఎప్పుడురా?"

"సోమవారం! సోమవారం!" చిన్న ఫోర్‌మన్ కీచుమన్నాడు. "వాళ్ల డాబా మీద ముడి సోమవారం మార్చాను. ఇవాళ పొద్దున్న ఇస్త్రీపెట్టె పాయింటులో తీగ వదులు చేశాను. రెండింటికి కొట్టు తెరుస్తాడు. పెట్టె వేడెక్కదు. తన మరమ్మతులు తనే చేసుకుంటాడు... ఫ్యూజు తీసి, పాయింటు విప్పుతాడు."

"నంబరు! ఆయన నంబరు ఎవరి దగ్గరుంది?"

కూతురు చెప్పింది. ఇన్‌స్పెక్టర్ ఫోను చెవికి ఆనించాడు. మోగుతోంది. ఎత్తడం లేదు.

"కొట్టుకి జీపు పోదండీ, మెట్లదారి, చుట్టూ తిరిగి నడవాలి, పావుగంట," అన్నాడు లైన్‌మన్. "వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పెద్ద స్విచ్చి లాగితే రెండు వీధులూ ఆగిపోతాయి. పరిగెడితే రెండు నిమిషాలు. దాని తాళంచెవి అన్న మొలకి ఉంటుంది."

ఇన్‌స్పెక్టర్ ఒక్కక్షణం అతని మొహంలోకి చూశాడు. తరువాత చిన్న ఫోర్‌మన్ మొలనుంచి తాళాల గుత్తి తెంపి లైన్‌మన్ చేతిలో పెట్టాడు. ఎడమచేతి సంకెల విప్పడానికి కానిస్టేబుల్ తాళంచెవి వెతుకుతున్నాడు.

"దాని కోసం ఆగకు. పరిగెత్తు!"

ఒక చేతికి సంకెల వేలాడుతుండగా లైన్‌మన్ గుమ్మం దాటాడు. వట్టికాళ్ల చప్పుడు వీధిలో దూరమైంది. ఫోను మోగుతూనే ఉంది. కూతురు గోడను ఆనుకోబోయి, గుర్తొచ్చి, గది నడుమ ఒంటరిగా నిలబడింది.

అటువైపు ఎవరో ఎత్తారు. ఆడమనిషి గొంతు. వెనుక పిండిమర హోరు.

"ఎవరండీ? ఆయనా? ఇస్త్రీపెట్టె పనిచేయడం లేదని ఇప్పుడే ఫ్యూజు తీశారు. పాయింటు విప్పుతున్నారు. పిలవమంటారా?"

"ముట్టుకోవద్దని చెప్పమ్మా! తీగ ముట్టుకోవద్దని చెప్పు!"

"ఆఁ? ఏమిటీ? పక్కన మర ఆడుతోందండీ, మీ మాట వినపడటం లేదు..."

"ముట్టుకోవద్దను!" ఇన్‌స్పెక్టర్ గొంతు చీరుకుపోయింది.

"ఉండండి, ఆయనకే ఇస్తాను. ఏవండీ..."

మర హోరు ఉన్నట్టుండి ఆగిపోయింది; లైన్‌మన్ స్విచ్చి లాగినట్టుంది. ఆ వెనువెంటనే, ఆ కొత్త నిశ్శబ్దంలో, బరువైనదేదో నేల మీద పడిన చప్పుడు ఫోనులోనుంచి స్పష్టంగా వినవచ్చింది. అది ఇస్త్రీపెట్టెయో, మనిషో తెలియలేదు.